ఇశ్రాయేలు బాబాయి అడిగిన ట్రయల్

మొన్న గురువారం మా ఊళ్ళో ఏం జరిగిందో మీ దాకా ఈపాటికి వచ్చే ఉంటుంది. శవపెట్టెతో ఉన్న జీపు పాటలు పాడేవాళ్ళ మీదికి దూకిందని ఒకరు, కాదు పాడేవాళ్ళే జీపుకి అడ్డం వచ్చారని ఇంకొకరు చెప్తున్నారట. చిలకలూరిపేట బస్టాండుకి చేరేసరికి కథలో శవం లేచి కూర్చుంది కూడా. అలాంటిదేమీ లేదు. కూర్చోండి, టీ చల్లారేలోపు చెప్పేస్తాను. తప్పంతా నాది కాబట్టి నాకంటే బాగా ఇంకెవరూ చెప్పలేరు.

ముందు జీపు సంగతి. మా చర్చికి ఒక పాత పెట్రోలు జీపు ఉంది. మిషన్ ఆసుపత్రి మూసేసినప్పుడు దాన్ని మా సంఘానికి వదిలేసి వెళ్ళారు. ఫోర్ వీల్ గేరు ఎప్పుడో పీకేశారు. దానికి ఉన్న పనులు మూడే. ఆదివారం పొద్దున నడవలేని ముసలమ్మల్ని ఎక్కించుకుని చర్చికి తేవడం, క్రిస్మస్‌కి మైకు కట్టుకుని ఊరంతా తిరగడం, ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే పెట్టెని సమాధుల తోటకి చేర్చడం. సంఘానికి సెక్రటరీని నేనే కాబట్టి తాళం నా దగ్గర ఉంటుంది. మిగతా వారమంతా బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్తాను. ఎమ్మెస్సీ, ఫస్ట్ క్లాస్. ఈ ఫస్ట్ క్లాస్ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆ జీపుని ఇన్నాళ్ళు బతికించింది ఇశ్రాయేలు బాబాయి. నాకు చుట్టమేమీ కాదు, ఊళ్ళో అందరికీ బాబాయే. పత్తి జిన్నింగు మిల్లు గోడ పక్కన రేకుల షెడ్డు ఆయనది. ఏడో తరగతితో చదువు ఆపేశాడు. ఇంజను ఏమంటోందో వినాలంటే పొడుగు స్క్రూడ్రైవర్ కొసని ఇంజనుకి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఓ నిమిషం విని, "మూడో వాల్వు కొంచెం బిగుసుకుంది మాస్టారూ" అనేవాడు. విప్పి చూస్తే మూడోదే. ఇరవై ఏళ్ళుగా ఆ జీపు బానెట్ కింద ఇంకొకరి చెయ్యి పడలేదు.

మరి ఎక్కడ చెడిందంటే, వాడరేవు పిక్నిక్‌లో. పోయినేడు సండే స్కూల్ పిల్లల్ని జీపులో కుక్కుకుని బీచికి బయల్దేరాం. చీరాల ఇంకా రాకముందే పక్క ఊరి చర్చి వాళ్ళ కొత్త వ్యాను వెనక నుంచి వచ్చి మమ్మల్ని దాటేసింది. దాటితే దాటింది, అందులో పిల్లలు కిటికీల్లోంచి మాకు టాటా చెప్పారు. మా పిల్లలు తిరిగి టాటా చెప్పారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వ్యాను పాస్టరు గారు నా చిన్ననాటి క్లాస్‌మేట్. టెన్త్‌లో నా వెనక కూర్చుని నా పేపర్ చూసి రాసినవాడు.

ఇంటికొచ్చి యూట్యూబ్ తెరిచాను. పది రోజుల్లో నాకు తెలియని విషయం లేదు. మీకూ రెండు ముక్కల్లో చెప్తాను. క్యామ్ షాఫ్ట్ అంటే ఇంజను లోపల తిరిగే ఒక కడ్డీ. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో బుడిపెలుంటాయి. ఆ బుడిపెలు వాల్వుల్ని నెట్టి తెరుస్తాయి. గాలీ పెట్రోలూ లోపలికొచ్చేది, పొగ బయటికి పోయేది ఆ వాల్వుల్లోంచే. అవి ఉండే ఇంజను పై మూతే హెడ్డు. బుడిపె పెద్దదైతే వాల్వు ఇంకా పైకి లేస్తుంది, ఇంకాసేపు తెరిచి ఉంటుంది. ఎక్కువ గాలి, ఎక్కువ పవరు. గ్రాఫులు కూడా గీశాను. ఎంత అందంగా వచ్చాయో.

గ్రాఫులు పట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. బాబాయి చేతులకి గ్రీజు ఉందని కాగితం ముట్టుకోలేదు. వంగి చూశాడు.

"హెడ్డు మారుస్తున్నారా మాస్టారూ?"

"లేదు బాబాయ్. హెడ్డు అదే. క్యామ్ ఒక్కటే."

"అయితే ఎట్టా? హెడ్డు అంటే గుమ్మం. మన గుమ్మం అడుగున్నర. తలుపు ఎంత బార్లా తీసినా అడుగున్నరలో నుంచే గదా జనం రావాల్సింది. పైపెచ్చు తలుపు తీసే ఉంచితే, లోపలికి వచ్చినోళ్ళు మళ్ళీ అదే గుమ్మంలో నుంచి బయటికి పోతారు. స్పీడు మీద ఉంటే సరే, తోపులాటలో లోపలే ఉంటారు. మెల్లగా పోయేప్పుడు ఇంజను ఆగిపోద్ది."

"అది పాత లెక్క బాబాయ్."

"సరే, పాతదే. ముందు బండి ఏం పని చేస్తదో చెప్పండి. క్యామ్ ఏందో నేను చెప్తా. ముసలమ్మల్ని ఎక్కించుకునేదానికి నలభై దాటే పనేంది?"

షెడ్డులో ట్రాక్టర్ రిపేరుకి వచ్చిన ఇద్దరు రైతులు నవ్వారు. బాబాయి మీద నవ్వారో నా మీద నవ్వారో ఇప్పుడు చెప్పలేను. నా మీదేనని అనుకున్నాను. అందుకే వాళ్ళ ముందే అన్నాను, "ఇది గ్రాఫుల విషయం బాబాయ్. ఏడో క్లాసుతో అర్థమయ్యేది కాదు" అని.

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు. నేను గ్రాఫులు మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

కోయంబత్తూరులో ఒకాయన ఆర్డర్ మీద క్యాములు గ్రైండ్ చేస్తాడని తెలిసి ఫోన్ చేశాను. స్టేజ్ వన్, స్టేజ్ టూ, స్టేజ్ త్రీ అని బుడిపె సైజుని బట్టి మూడు రకాలున్నాయి. ఆయన తెలుగు అంతంతమాత్రం గానీ పని తెలిసినవాడు. హెడ్డు పోర్టింగ్ అయిందా సార్, అంటే లోపలి దారులు వెడల్పు చేశారా, స్ప్రింగులు మార్చారా సార్ అని అడిగాడు. ఏదీ కాలేదన్నాను. "అప్పుడు వన్ పోదుం సార్. వన్ చాలు" అన్నాడు. అమ్ముకునేవాడే చిన్నది చాలంటున్నాడు. వినాలా, వద్దా? కానీ నేను పాతికేళ్ళుగా బ్రాడీపేటలో ర్యాంకుల మధ్య బతుకుతున్నవాణ్ణి. మా దగ్గర పాస్ మార్కులు వస్తే చాలన్న పిల్లవాణ్ణి తల్లిదండ్రుల్ని పిలిపించి మరీ తిడతాం. స్టేజ్ త్రీ ఉండగా స్టేజ్ వన్ అడగడానికి నోరెలా వస్తుంది? త్రీ పంపమన్నాను.

గుంటూరులో బైకులకి సైలెన్సర్లు మార్చే ఒక షాపులో బిగించారు. బిగించినతను ఇంజను స్టార్ట్ చేసి వీడియో తీసుకున్నాడు. హైవే ఎక్కి తొక్కితే, నిజం చెప్పాలి, ఒక స్పీడు దాటాక బాగానే పోయింది. ముక్కుతూ మూలుగుతూ అయినా పోయింది. ఆపైన పాత హెడ్డుకి ఊపిరి చాలక స్పీడు అక్కడే ఆగింది. ఆ పది నిమిషాల సంబరానికి నేను చేసిన పని వినండి. నేరుగా బాబాయి షెడ్డు ముందు ఆపి, గోనెగుడ్డలో చుట్టి ఉన్న పాత క్యామ్‌ని ఆయన బల్ల మీద పడేశాను.

"ఇదిగో బాబాయ్, నీ పాత ఇనుము. పాత సామాన్ల వాడికి వేసెయ్" అన్నాను.

బాబాయి దాన్ని చూడలేదు. బయట దడదడలాడుతున్న జీపు వైపు చెవి పెట్టాడు. స్క్రూడ్రైవర్ కూడా తియ్యలేదు. తర్వాత ఒక్క మాటే అన్నాడు.

"మాస్టారూ, ఒక ట్రయల్ చూపించండి చాలు. చర్చి గేటు కాడ నుంచి సమాధుల తోట దాకా, మనిషి నడక మీద. ఎక్కడా ఆగకుండా పోయిందా, నేనే తప్పు. ఊరందరి ముందూ ఒప్పుకుంటా."

"చూపిస్తాలే" అన్నాను.

చూపించలేదు. ఎందుకంటే ఆ సాయంత్రమే నేనొక్కణ్ణే ఆ దారిలో వేసి చూశాను. గేటు దగ్గర ఒకసారి, పోస్టాఫీసు దగ్గర రెండుసార్లు ఆగిపోయింది. మెల్లగా పోదామంటే పోదు. ఐతే ఎగురుతుంది, లేకపోతే చస్తుంది. మనిషి నడక అనేది దాని లెక్కలోనే లేదు.

అక్కడితో ఆపి, వెనక్కి వెళ్ళి, బాబాయ్ నువ్వు చెప్పిందే నిజం అని ఉంటే కథ అయిపోయేది. ఐదు నెలలు ఆ షెడ్డు ముందు నుంచి వెళ్ళడం మానేసి మిల్లు వెనక దారిలో చుట్టూ తిరిగి వెళ్ళాను. ముసలమ్మలు రెండు ఆదివారాలు ఎక్కి, మూడో ఆదివారం నుంచి ఆటో పెట్టించుకున్నారు. ఒకావిడ అయితే, "అయ్యా, ప్రభువు దగ్గరికి పోవాలనే ఉంది గానీ ఇంత తొందరగా కాదు" అంది. మా పాస్టరు గారు అడిగితే ఇంజను కొత్తగా సెట్ అవుతోందండీ, కొంచెం టైం పడుతుందని చెప్పాను. మా ఆవిడ మాత్రం ఒకే మాట అనేది. "అది కాదు సెట్ అవ్వాల్సింది."

పోయిన బుధవారం పొద్దున బాబాయి షెడ్డులోనే కూలిపోయాడు. గుండె. పేట ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

నేను వెళ్ళాను. ఐదు నెలల తర్వాత ఆ ఇంటి గడప తొక్కడానికి నాకు ఆ సందర్భం కావాల్సి వచ్చింది. రాహేలమ్మ పిన్ని, బాబాయి భార్య, నన్ను చూసి లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"మాస్టారూ, పేట నుంచి వ్యాను మాట్లాడతామంటున్నారు మా వాళ్ళు. వద్దన్నా. ఇరవై ఏళ్ళు ఆయన చేతిలో పెరిగిన బండి. అందులోనే పోవాలి. మీరే నడపాలి" అంది.

ఇక్కడ కూడా ఒక్క మాట చెప్తే సరిపోయేది. పిన్నీ, ఆ బండి మెల్లగా పోదు, నేనే పాడు చేశాను, అని. పదిమంది చూస్తున్నారు. అందులో ఆ రోజు నవ్విన రైతులిద్దరూ ఉన్నారు. నా నోటి నుంచి వచ్చిన మాట, "తప్పకుండా పిన్నీ."

గురువారం పదింటికి చర్చిలో ఆరాధన అయింది. పెట్టెని జీపు వెనక పెట్టాం. మా సంఘంలో పద్ధతేమిటంటే, ముందు పాస్టరు గారూ పాడేవాళ్ళూ నడుస్తారు, వాళ్ళ వెనక జీపు, జీపు వెనక ఇంటివాళ్ళూ ఊరూ. పాట ఎంత మెల్లగా సాగితే అడుగులు అంత మెల్లగా. పిన్ని మాత్రం మోకాళ్ళ నొప్పులని పెట్టె పక్కనే కూర్చుంది.

స్టార్ట్ చేశాను. జీపంతా ఊగింది. పెట్టె మీద పెట్టిన పూలదండ జారి పడింది. పిన్ని దాన్ని మళ్ళీ పైన పెట్టి, పెట్టె అదరకుండా రెండు చేతులూ వేసి అదిమి పట్టుకుంది. అద్దంలో అదంతా చూశాను. క్లచ్ వదిలాను. జీపు ఒక్క దూకు దూకింది. వెనక వరసలో పాడుతున్న ఇద్దరు ఆడవాళ్ళు చెరోపక్కకి గెంతారు. బ్రేక్ వేశాను. ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్, మళ్ళీ దూకు. ఈసారి ఆపడానికి భయమేసి కాస్త యాక్సిలరేటర్ తొక్కాను. అది వేగం అందుకుంది. వెనక తరుముతున్న జీపుని చూసి పాడేవాళ్ళు అడుగు పెంచారు. అడుగు పెరిగేసరికి పాట పెరిగింది. విశ్రాంతి గురించిన ఆ కీర్తనని జీవితంలో అంత హడావుడిగా ఎప్పుడూ వినలేదు. పాస్టరు గారు బైబిల్ చంకలో పెట్టుకుని, ఒక చేత్తో పంచె ఎత్తి పట్టుకుని దాదాపు పరిగెత్తుతున్నారు.

పోస్టాఫీసు దగ్గర ప్రార్థనకి ఆగాలి. ఆగాం. అంతా తల వంచారు. ఆ నిశ్శబ్దంలో స్టేజ్ త్రీ ఒక్కటే దగ్గుతోంది. ఇంజను ఆపేద్దామంటే మళ్ళీ స్టార్ట్ అవుతుందో లేదో నమ్మకం లేదు. పాస్టరు గారు ప్రార్థిస్తూనే ఒక కన్ను తెరిచి నా వైపు చూశారు. నేను యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాను. సైలెన్సర్లో ఢామ్మని పేలింది.

ఇది మిరప కోతల కాలమని మీకు చెప్పక్కర్లేదు. మా రోడ్డుకి రెండువైపులా టార్పాలిన్ పట్టాలు పరిచి కాయలు ఎండబోశారు. ఆ పేలుడికి సైలెన్సర్ పక్కనున్న పట్టా మీద నుంచి దుమ్మూ విత్తనాలూ పొగలా లేచి జనం మీద పడ్డాయి. ముందు ఒకరు తుమ్మారు. తర్వాత ఊరంతా తుమ్మింది. ప్రార్థన సగంలో ఆగింది. పాస్టరు గారు ఆమెన్ అనబోయి మూడుసార్లు దగ్గారు. అప్పటిదాకా కన్నీళ్ళు రానివాళ్ళకి కూడా ధారలు కట్టాయి. ఆ నవ్విన రైతులిద్దరూ కళ్ళు తుడుచుకుంటూ నన్నే చూస్తున్నారు. ఈసారి ఎవరి మీద నవ్వుతున్నారో నాకు అనుమానం లేదు.

అక్కడి నుంచి సగం క్లచ్ మీదే నడిపాను. నా ఎడమ కాలు వణికిపోతోంది. నాలుగు వందల గజాలు పోయేసరికి క్లచ్ ప్లేటు మాడిన కంపు. పూల వాసన, మిరప ఘాటు, దాని మీద ఈ కంపు. "మాస్టారూ, ఏదో కాలుతోంది" అంది పిన్ని వెనక నుంచి, మెల్లగా, నన్ను నొప్పించకుండా. "ఏం లేదు పిన్నీ" అన్నాను. అప్పుడు కూడా.

తారు రోడ్డు అయిపోయి డొంక మొదలయ్యే చోట కాలవ మీద చిన్న తూము ఉంది. ఎడ్ల బండి కూడా ఆయాసపడకుండా ఎక్కే ఎత్తు. ముందు చక్రాలు ఎక్కాయి. ఇంజను ఒకసారి మూలిగింది. ఆగింది. ఎన్నిసార్లు తాళం తిప్పినా కిర్రుమంటుంది తప్ప అందుకోలేదు. చివరికి అదీ లేదు. బ్యాటరీ దిగిపోయింది.

అక్కడి నుంచి సమాధుల తోట కనిపిస్తూనే ఉంది. ఎవరైనా నన్ను తిడితే బాగుండుననిపించింది. బాబాయి దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు సొంత షెడ్లు పెట్టుకున్న నలుగురు మెకానిక్కులు వచ్చారు. పెట్టెని దింపి భుజాలకెత్తుకున్నారు. పిన్నిని ఇద్దరు పట్టుకుని నడిపించారు. పాస్టరు గారు కీర్తన మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు, ఈసారి దాని మామూలు నడకలో. అందరూ జీపుకి అటూ ఇటూ చీలి, తూము దాటి వెళ్ళిపోయారు.

వెనక మిరపకాయల టిక్కీ బస్తాలు వేసుకొచ్చిన ట్రాక్టరు హారన్ కొడుతోంది. డొంక ఇరుకు, జీపు అడ్డం. దిగి భుజం ఆనించి ఒక్కణ్ణే తోశాను. ట్రాక్టర్ డ్రైవర్ కూడా జాలిపడి దిగి ఒక చెయ్యి వేశాడు. ఎవరిది బండి అని అడిగాడు. చర్చిది అన్నాను. నాది అనడానికి ధైర్యం చాల్లేదు.

జీపుని చేలోకి తోసి, చొక్కా తడిసి ముద్దై, నేను తోటకి చేరేసరికి వాక్యం చదవడం అయిపోయింది, పెట్టె దించేశారు. తలా పిడికెడు మట్టి వేసేవాళ్ళ వరసలో చివరివాణ్ణి నేను. మట్టి వేస్తూ అన్నాను, "ట్రయల్ అయింది బాబాయ్. నువ్వే కరెక్ట్." పక్కన ఎవరూ లేరు. ఊరందరి ముందూ ఒప్పుకుంటానన్నది ఆయన. ఎవరూ లేనప్పుడు ఒప్పుకున్నది నేను.

శనివారం పిన్ని కబురు చేస్తే వెళ్ళాను. తిట్టడానికే అనుకున్నాను. లోపలి నుంచి గోనెగుడ్డ మూట ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. విప్పితే పాత క్యామ్. నేను బల్ల మీద పడేసిందే. అద్దంలా మెరుస్తోంది, నూనెతో జారిపోతోంది.

"పారేస్తారా అనడిగితే ఒప్పుకోలా. మాస్టారు మళ్ళీ వస్తాడే, అప్పటికి తుప్పు పట్టకూడదు అన్నాడు. ఆదివారం ఆదివారం చర్చి నుంచి రాంగానే నూనె రాసేవాడు. మీరు ఆ మిల్లు వెనక దారిన పోతుంటే చూసేవాడు గూడా. ఈ వారం కాకపోతే వచ్చే వారం అనేవాడు" అంది పిన్ని.

నేను కూర్చుని ఏడ్చాను. అక్కడ మిరపకాయలేమీ లేవు.

ఆ సాయంత్రం గుంటూరు షాపుకి ఫోన్ చేశాను, పాత క్యామ్ మళ్ళీ బిగిస్తారా అని. "సార్, మాది పర్ఫార్మెన్స్ షాపు. అప్‌గ్రేడ్ చేస్తాం గానీ డౌన్‌గ్రేడ్ చెయ్యం" అన్నాడతను. బాబాయి శిష్యులు నలుగుర్నీ అడిగాను. ఆ జీపు ఇంజను ఆయనొక్కడే విప్పేవాడు మాస్టారూ, మమ్మల్ని పానాలు మాత్రమే అందించమనేవాడు అన్నారు. అంటే దాన్ని బిగించడం వచ్చినవాడు ఈ ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. ఆయన్ని మట్టిలో దింపేసి వచ్చాం.

జీపు ఇంకా ఆ చేలోనే ఉంది. క్యామ్ మా ఇంట్లో, నా సర్టిఫికెట్ల బీరువాలో. నిన్న ఆదివారం చర్చి నుంచి రాగానే తీసి, తుడిచి, నూనె రాసి మళ్ళీ చుట్టి పెట్టాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. "ఫర్వాలేదు, బాగానే రాస్తున్నారు" అంది. ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాస్ కదండీ. ఏడో క్లాసు ఆయన దగ్గర ఆ ఒక్క పనైనా నేర్చుకున్నాను.